బయటోడి ఫోను

ఫోనెత్తి ‘హలో’ అనని మనిషిని నా జీవితంలో ఆయన ఒక్కణ్ణే చూశాను. మోగడం ఆలస్యం, అవతల ఎవరో ఏమిటో చూసుకోకుండా “యాడుండారు?” అనేవాడు. వాళ్లు నోరు తెరిచేలోపే “ఆడనే కూర్చోండి. వస్తా ఉండా” అని కూడా అనేసేవాడు. అవతల ఉన్నది క్రెడిట్ కార్డులమ్మే అమ్మాయి అయినా అంతే, మీటింగ్‌కి పిలుస్తున్న మేనేజరైనా అంతే. ఒకసారి ఇన్సూరెన్స్ కంపెనీ పిల్ల ఎవరో “మీరెందుకు సార్ రావడం?” అని బెదిరిపోయి పెట్టేసిందట. ఆ సంగతి చెప్పుకుని ఆఫీసులో పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. మాతోపాటు ఆయనా నవ్వాడు. ఫోనెత్తే పద్ధతి మాత్రం మార్చుకోలేదు.

ఆయన పోయి నెల దాటింది. బతికున్నప్పుడు మేమెవరమూ పేరు పెట్టి పిలవలేదు, ఇప్పుడు రాయబుద్ధి కావడం లేదు. ఆఫీసులో అందరికీ ఆయన ‘రిఫ్రెష్ అన్న’. ఆ పేరు పెట్టిన మూకలో నేనూ ఉన్నాను. ఎందుకు పెట్టామో చెప్తాను.

మా ఆఫీసు బెళ్ళందూరులో. అపార్టుమెంట్లవాళ్లు వాడుకునే వెబ్‌సైట్ ఒకటి తయారుచేస్తాం. నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుంది, లిఫ్టు ఎందుకాగిపోయింది, గేటు దగ్గర ఎవరొచ్చారు, అన్నీ అందులో ఉంటాయి. వనపర్తి నుంచి వచ్చి నేను చేరిన కొత్తలో నాకిచ్చిన మొదటి పని ట్యాంకర్ల పేజీ. దాని మీద ప్రాణం పెట్టాను. అందరినీ కూర్చోబెట్టి పెద్ద తెర మీద చూపించిన రోజు, మొదటి పేజీలో మొదలుపెట్టి ఒక్కొక్కటే నొక్కుకుంటూ లోపలికి పోతుంటే ఎక్కడా తడబాటు లేదు. మేనేజర్ ముఖం విప్పారింది. అప్పుడు నా వెనక నుంచి, భుజం మీదుగా, ఒక చెయ్యి వచ్చింది. ఎండాకాలంలో కూడా విప్పని బూడిదరంగు స్వెట్టరు చెయ్యి. చూపుడువేలితో కీబోర్డు మీద ఒక మీట నొక్కింది. రిఫ్రెష్.

తెర తెల్లబడింది. ‘పేజీ దొరకలేదు’ అని వచ్చింది.

“బాగుండాదమ్మా,” అన్నాడాయన. “లోపల నుంచి వచ్చినోళ్లకి.”

నాకు ఒళ్లు మండిపోయింది. కొత్త ఉద్యోగం, అందరూ చూస్తున్నారు, ఈయనెవరు మధ్యలో? “పనిలేక రిఫ్రెష్ ఎవరు కొడతరు సార్?” అన్నాను.

“నేను కొడతా కదమ్మా, పనిలేక,” అని నవ్వి, నన్ను కిటికీ దగ్గరికి పిలిచాడు. కింద ఎదుటి అపార్టుమెంటు గేటు కనిపిస్తోంది. “ఆ వాచ్‌మన్‌ని చూడు. వాడికి గేటొకటే తెలుసు అనుకో. లోపల ఎన్ని ఇండ్లుండాయో, ఏ ఇల్లు యాడుండాదో తెలీదు. నువ్వు గేటులో నుంచి లోపలికి పోయినాక, లోపలోళ్లు నిన్ను చెయ్యి పట్టుకోని ఏ ఇంటికైనా తీసకపోతారు. అదే ఒకడు నేరుగా వచ్చి ఫలానా ఇల్లు కావల్లప్పా అంటే? అట్లాంటి ఇల్లే లేదు పో అంటాడు. ఇల్లుండాది. అందులో మనుషులుండారు. వాడికి తెలీదు, అంతే. మన సర్వర్ కూడా అంతే.”

“మరేం చెయ్యాలి?” అన్నాను, ఇంకా ముడుచుకున్న ముఖంతోనే.

“వాడికి ఒక మాట చెప్పి పెట్టల్ల. ఎవురొచ్చి ఏ ఇల్లడిగినా లేదనొద్దు, మొదటి గుమ్మంలో నుంచి లోపలికి పంపియ్యి, మిగిలింది లోపలోళ్లు చూసుకుంటారు అని. సర్వర్‌లో ఒక్క లైను రాస్తే అయిపోతాది. ఒక్క లైనే.”

రెండోసారి అన్నప్పుడు గొంతు తగ్గింది. నేను దాన్ని చాదస్తమనుకున్నాను. ఆ సాయంత్రమే క్యాంటీన్‌లో ఆయనకు ఆ పేరు స్థిరపడిపోయింది.

పేరు స్థిరపడేంత పనే చేసేవాడు మరి. ఎవరి సీటు వెనక నిలబడినా కుర్చీ లాక్కుని కూర్చోడు. ఎవరు ఏం చూపిస్తున్నా చివరిదాకా ఓపికగా చూస్తాడు. చూసి, ఆ వేలు చాస్తాడు. మా మేనేజర్ సొంత లాప్‌టాప్ మీద కూడా చాచాడు. కొందరైతే ఆయన వస్తున్న అలికిడి వింటే కీబోర్డు మీద అరచెయ్యి కప్పేసేవాళ్లు. ఆయన నొచ్చుకునేవాడు కాదు. జేబులోంచి బెణ్ణె బిస్కెట్ల, అంటే వెన్న బిస్కెట్ల, పొట్లం తీసి బల్ల మీద పెట్టి, ఆ చెయ్యి దానికోసం లేచేదాకా నిలబడేవాడు. ఆ బిస్కెట్లు కాటన్‌పేటలో వాళ్లింటి సందు చివర బేకరీవి. అంత దూరం నుంచి మెట్రో, బస్సు మారి వచ్చేవి కాబట్టి సగం పొడైపోయి ఉండేవి.

పొద్దున కనబడగానే “తిండి అయిందామ్మా?” అని అడిగేవాడు. కాలేదంటే తినేదాకా వదలడు. ఆయన తెలుగు నాకు మొదట్లో వింతగా ఉండేది. ఎప్పుడో ముత్తాతల నాడు నూలు వ్యాపారానికి ఈ కన్నడ నగరానికి వచ్చి కాటన్‌పేటలో స్థిరపడ్డ కుటుంబం. మీ సొంతూరు ఏదన్నా అని అడిగితే “అనంతపురం దిక్కు అంటారమ్మా. ఊరు ఉండాది, అడ్రస్ పోయింది” అనేవాడు, అదో పెద్ద హాస్యంలాగా.

అడ్రసులంటే ఆయనకు పిచ్చి. వెబ్ పేజీల అడ్రసుల సంగతే చెప్తున్నాను. మేము పెట్టిన అడ్రసును మా చేతే బిగ్గరగా చదివించేవాడు. ప్రశ్నార్థకం, ఐడీ, ఈక్వల్, ఓ బారెడు అంకెలు, మళ్లీ ఇంకేవో అక్షరాలు అని నేను చదువుతూ పోతుంటే “బేజారయిందా?” అని అడిగేవాడు. “చదివే నీకే బేజారైతే రాసుకునేటోడి గతి ఏంది? అడ్రసంటే ఫోన్లో చెప్తే అవతలోళ్లకి అర్థం కావల్ల. ట్యాంకర్లయితే ట్యాంకర్లు అని పెట్టు. ఇంటి నంబరయితే ఇంటి నంబరు పెట్టు. అంతకంటే ఏం కావల్ల?” అలా పెట్టిన అడ్రసును మళ్లీ మారుస్తామంటే ఒప్పుకునేవాడు కాదు. “ఇచ్చేసినావు కదా. ఎవురి గోడకి అంటించుండాదో నీకేం తెలుసు?” అనేవాడు.

అడ్రసు మధ్యలో హ్యాష్ గుర్తు (#) కనిపిస్తే మాత్రం అన్నంలో రాయి తగిలినట్టు ముఖం పెట్టేవాడు. పాత తరహా సైట్లలో అది ఉండేది. ఆ గుర్తు తర్వాత ఏముందో సర్వర్ దాకా పోదు కాబట్టి వాచ్‌మన్‌తో పేచీ ఉండదు, నేరుగా వచ్చినా తెరుచుకుంటుంది. చూడ్డానికే వికారం. ఆయనకు అదంటే అంత అసహ్యమైనా, ఎవరైనా దాన్ని తీసేసి శుభ్రం చేస్తామని ముందుకొస్తే అందరికంటే ముందు అడ్డుపడేది ఆయనే. “ఉండనీప్పా, పాపం. అది ఎవురికీ మోసం చెయ్యలే” అనేవాడు. ఈ తిరకాసు మాకెవరికీ అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని ప్రయత్నించిందీ లేదు.

ఆయన డ్రాయర్‌లో అద్దం పగిలిన ఒక పాత ఫోను ఉండేది. దాని పేరు బయటోడి ఫోను. అందులో ఎక్కడా లాగిన్ కాలేదు, ఏ పేరూ సేవ్ చెయ్యలేదు, ఆఫీసు వైఫై తగలనివ్వలేదు. మా పని పూర్తయిందని చెప్పగానే, ఆ పేజీ అడ్రసును దానికి మెసేజ్ చెయ్యమనేవాడు. దాన్ని పట్టుకుని మెట్ల దగ్గరికి పోయి, గోడకు ఆనుకుని నిలబడి, తెరిచి చూసేవాడు. “ఈ ఫోనుకి మనం ఎవురో తెలీదు. దీనికి తెరుచుకుంటేనే తెరుచుకున్నట్టు” అనేవాడు. తెరుచుకున్నాక కూడా వదిలేవాడు కాదు. ఆ పేజీలో నొక్కాల్సిందేదో నొక్కి, కడదాకా పోయి, అవతల ఎవరైనా పలికితేనే వెనక్కి వచ్చేవాడు. సెక్యూరిటీకి ఫోన్ చేసే బటన్ పెట్టానంటే నిజంగానే సెక్యూరిటీకి ఫోన్ పోయేది. “తలుపు తెరుచుకుంటే అయిపోలేదమ్మా, మనిషి పలకల్ల.”

ఇంతటి చాదస్తుడితో నాకు ఒకరోజు పెద్ద గొడవే అయింది. సాయంత్రానికి పని అప్పజెప్పాలి. పేజీ బాగా పనిచేస్తోంది. ఈయన మెట్ల దగ్గర నుంచి వచ్చి “నేరుగా పోతే రావడంలే” అన్నాడు. నాకు సహనం నశించింది. “దీన్ని డైరెక్టుగా ఎవరు తెరుస్తరన్నా? అందరూ మొదటి పేజీ నుంచే వస్తరు. ఎవడో ఒక్కడు అడ్డదారిన వస్తడని నేనింత తిప్పలు పడాల్నా?” అని అందరికీ వినబడేలా అరిచాను.

ఆయన బయటోడి ఫోను స్వెట్టరు జేబులో పెట్టుకున్నాడు. “శనివారం చీరలకి చిక్కపేట పోతా అంటివి కదా,” అన్నాడు. “అట్నే మా ఇంటికి రా. కాఫీ తాగి పోదువు.”

ఆ శనివారం చీరల సంచితో వాళ్లింటికి వెళ్లాను. సందులో ఇల్లు. వీధి గుమ్మం దాటగానే ప్లాస్టిక్ వైరు అల్లిన కుర్చీలో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది, మనిషి పిడికెడు ఉంది. మెడలో నల్లతాడుకు రూపాయి బిళ్ళకంటే కొంచెం పెద్ద స్టీలు బిళ్ళ. దాని మీద ఫోనుతో స్కాన్ చేసే గళ్ల గుర్తు చెక్కి ఉంది. ఆయన తల్లి. నేను అవ్వా అన్నాను, ఆమెకు నచ్చింది.

“ఎవురి పిల్లవమ్మా?” అంది.

“మా ఆఫీసు పిల్ల మా,” అన్నాడాయన.

వదిన, అంటే ఆయన భార్య, కాఫీ తెచ్చేలోపల అవ్వ అదే ప్రశ్న మళ్లీ వేసింది. ఆయన మళ్లీ చెప్పాడు. ఇంకోసారి వేసింది. అప్పుడే మొదటిసారి వింటున్నవాడిలా “మా ఆఫీసు పిల్ల మా” అన్నాడు. ఎక్కడా విసుగు లేదు. మధ్యలో ఆమె “మీ నాయన ఇంకా అంగడి మూయలేదా?” అని అడిగింది. గోడ మీద దండ వేసిన ఫోటోలో ఉన్నాడు ఆ నాయన. “మూస్తా ఉండాడు మా. వస్తాడు,” అని చెప్పి, ఆమె మెడలో మెలిపడ్డ తాడును సరిచేశాడు.

ఆ బిళ్ళ ఏమిటని అడిగాను. మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ల కోసం ఆయనే ఇంట్లో కూర్చుని చిన్న వెబ్‌సైట్ చేశాడట. వాళ్ల వీధిలో అలాంటివాళ్లు ఇంకొందరు ఉన్నారు. ఒక్కొక్కరికీ అందులో ఒక్కో పేజీ. ఎవరైనా దారి తప్పితే, చూసినవాళ్లు బిళ్ళ మీదికి ఫోను కెమెరా పడితే ఆ మనిషి పేజీ తెరుచుకుంటుంది, ఇంటివాళ్ల నంబరు కనబడుతుంది. మంచి పని చేశావన్నా అన్నాను. ఆయన మాట మార్చేశాడు. అప్పుడు నన్ను మెట్రో దాకా దిగబెడతానని ఆయనే లేచాడు.

చిక్కపేటలో ఒక చీరల అంగడి మెట్ల దగ్గర ఆగాడు. ఎందుకాగాడో అర్థంకాక నేనూ ఆగాను. తోపుడుబండి మీద బట్టల మూటలు తోసుకుపోతున్న హమాలీ ఒకాయన ఈయన్ని చూసి బండి నిలిపాడు.

“అమ్మ ఎట్లుండాది అన్నా?”

“ఉండాదప్పా. గోడ పట్టుకోని నడుస్తా ఉండాది.”

“అడిగినానని చెప్పు,” అని ఆ మనిషి బండి తోసుకుంటూ జనంలోకి వెళ్లిపోయాడు.

“ఆయనే చూసింది,” అన్నాడు మా అన్న. “మా అమ్మని, ఈ మెట్ల మీద.”

అప్పుడు చెప్పాడు. మొదట చేసిన బిళ్ళలో అడ్రసు మధ్యలో హ్యాష్ గుర్తు ఉండేదట. అప్పటికి ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తోంది.

“నాకే చూడబుద్ధి కాలేదమ్మా. మా అమ్మ మెడలో అంత గలీజు అడ్రసా అని. ఒక ఆదివారం కూర్చోని అంతా శుభ్రం చేసినా. చివర మా అమ్మ పేరు తప్ప ఇంకేం లేకుండా. కొత్త బిళ్ళ చెక్కించినా. మొదటి పేజీ తెరిచి అమ్మ పేరు నొక్కినా. వచ్చె. ఎంత అందంగా ఉండినిందో. బిళ్ళ తీసకపోయి మెడలో ఏసేసినా.”

“సర్వర్‌కి…” అని ఆగిపోయాను.

“చెప్పలే. మర్చిపోతి. బిళ్ళ మీద ఫోను పెట్టి చూడల్ల కదా? చూడలే. నాకు లోపల నుంచి వచ్చింది కదా, ఇంక చూసేది ఏముండాది అనుకుంటి.”

ఆ వారంలోనే అవ్వ గడియ తీసుకుని బయటికి వచ్చేసిందట. నడుచుకుంటూ వచ్చి ఈ మెట్ల మీద కూర్చుంది. ఆ హమాలీ చూశాడు, బిళ్ళ కనిపెట్టాడు, తన ఫోను పెట్టాడు. పేజీ దొరకలేదని వచ్చింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ అదే. అంగట్లోవాళ్లు తమ ఫోన్లతో కూడా చూశారు. ఇంటిపేరు అడిగితే అవ్వ చెప్పలేకపోయింది. వాన పట్టుకుంది. వాళ్లు కొట్టు సర్దుకునే హడావిడిలో ఉండగా ఆమె లేచి, ఎటు పోవాలో తెలియక రోడ్డు దాటబోయి పడిపోయింది. తుంటి విరిగింది.

“నేను యాడుండానో తెలుసా అప్పుడు?” అన్నాడు. “ఇదో, ఈ పక్క వీధిలో. ఫోను చేతిలో పట్టుకోని నిలబడుండా. తిరిగి తిరిగి వెతకల్ల కదా? వెతకడంలే. బిళ్ళ ఉండాది, ఎవురో ఒకరు చేస్తారు, మోగతాది అని చూస్తా ఉండా.”

సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

“ఆస్పత్రికి ఆ బండాయన కూడా వచ్చినాడు, పాపం. ఏమన్నాడో తెలుసా? పేజీ లేదని వస్తా ఉంటే, ఈమెకి ఎవురూ లేరేమో అనుకుంటి అన్నా, అన్నాడు.” అది చెప్పేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు. మెట్ల వైపే చూస్తున్నాడు. “అప్పట్నుంచి ఫోను మోగితే ముందు యాడుండారు అనే అడుగుతా. ఎవురు అనేది తర్వాత చూసుకోవచ్చు.”

మెట్రో స్టేషన్ దగ్గర ఆ సైట్ తాళం, అంటే పాస్‌వర్డ్, నాకు చెప్పాడు. “నేను లేనప్పుడు బయట నుంచి అప్పుడప్పుడూ నొక్కి చూస్తా ఉండమ్మా. నా పనిని నేనే చూసుకుంటే నేనెప్పుడూ లోపలోణ్ణే.” లేనప్పుడంటే ఊరెళ్లినప్పుడని నేననుకున్నాను. రైలెక్కాక ఏడుపు వచ్చింది. పక్కన కూర్చున్నావిడ నా సంచి వైపు చూసి, ఏమైనా పోగొట్టుకున్నావా అని కన్నడంలో అడిగింది.

ఆ తర్వాత నేను ఆయన్ని ఎప్పుడూ ఆట పట్టించలేదు. అలాగని ఆయన మారలేదు. సోమవారం నా వెనక నిలబడి ఎప్పటిలాగే వేలు చాచాడు. నేను కుర్చీ పక్కకు జరిపి దారి ఇచ్చాను.

ఒక పొద్దున, స్నానానికి వెళ్లబోతూ గుండె పట్టుకుని కూలబడ్డాడట. ఆస్పత్రికి చేరలేదు. ఆఫీసు గ్రూపులో మెసేజ్ చూసేసరికి నేను రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఉన్నాను. ఆఫీసుకు వెళ్లి చూస్తే కుర్చీ వెనక ఆ బూడిదరంగు స్వెట్టరు వేలాడుతోంది. ముందురోజు ఎందుకు విప్పి వెళ్లాడో ఎవరికీ తెలియదు. ఆ రోజు మేము కొత్త పని ఒకటి జనానికి విడుదల చెయ్యాలి. వాయిదా వేద్దామన్నాడు మేనేజర్. అందరం ఎవరి బల్ల దగ్గర వాళ్లం కూర్చుని, ఎవరి పేజీలు వాళ్లు తెరిచి, ఎవరూ చెప్పకుండానే రిఫ్రెష్ నొక్కుతూ ఉండిపోయాం.

కర్మకాండలు అయిపోయాక ఆయన డ్రాయర్ ఖాళీ చేసే పని నేను తీసుకున్నాను. బిస్కెట్ల పొడి, కళ్లద్దాల పెట్టె, బయటోడి ఫోను. ఆ ఫోను చేతిలోకి తీసుకోగానే నాకు ఒక్కసారిగా అవ్వ గుర్తొచ్చింది. అవ్వ మెడలో బిళ్ళ ఉంది. పేజీ తెరుచుకుంటుంది, నేను చూస్తూనే ఉన్నాను. తెరుచుకుంటే అందులో కనబడేది ఎవరి నంబరు? ఆయనదే. రేపు అవ్వ గడియ తీసుకుని బయటికి పోతే, ఎవరో మంచివాడు ఆ నంబరు నొక్కితే, పలికేదెవరు? ఈసారి దారి తప్పుతున్నది అడ్రసు కాదు. అడ్రసు చక్కగా ఉంది. మనిషే లేడు.

ఆ మధ్యాహ్నమే ఫోనుకు ఛార్జింగ్ పెట్టుకుని కాటన్‌పేట వెళ్లాను.

అవ్వ అదే కుర్చీలో ఉంది. గోడ మీద ఫోటోలు రెండయ్యాయి. కొత్తదాన్ని అవ్వ కుర్చీ నుంచి కనబడకుండా బీరువా పక్కన తగిలించారు. “ఎవురి పిల్లవమ్మా?” అని అడిగింది అవ్వ. ఆఫీసు పిల్లనన్నాను. “మావాడు రాలేదా నీతో?” అంది. నేను వదిన వైపు చూశాను.

వదిన నన్ను వంటింట్లోకి తీసుకెళ్లింది. “చెప్పినామమ్మా,” అంది. “ఏడ్చె. మళ్ళా మర్చిపోయె. యాడుండాడు అని అడిగితే మళ్ళా చెప్పినాము. అప్పుడే కొత్తగా విన్నట్టు మళ్ళా ఏడ్చె. ఇంక నా చేత కాలేదు. ఆఫీసులో ఉండాడు అంటా ఉండా.” కొంగుతో ముఖం తుడుచుకుని స్టవ్ మీద పాలు పెట్టింది. ఆయన ఫోను దేవుడి గూట్లో ఉంది. రోజూ ఆమే ఛార్జింగ్ పెడుతోందట. “ఆపేస్తే బాగుండదేమో అనిపిస్తాది,” అంది.

నేను వచ్చిన పని చెప్పాను. ఆమె పొంగబోతున్న పాలు దించింది. “నా నంబరు పెట్టు. నీదీ పెట్టమ్మా, తప్పనుకోకపోతే. ఆయన్ది మాత్రం తీయొద్దు.”

అవ్వ పక్కన నేల మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. ఆయన రాసిన పేజీలో నాలుగు ముక్కలే ఉన్నాయి, కన్నడంలో, తెలుగులో, ఇంగ్లీషులో. ‘ఈమె మా అమ్మ. ఇంటిదారి మరిచిపోతుంది. దయచేసి కూర్చోబెట్టి ఈ నంబరు నొక్కండి. నేను వస్తాను.’ నంబర్లు చేర్చాను, ఆయన నంబరు కింద వదినది, దాని కింద నాది. ‘నేను వస్తాను’ దగ్గర చెయ్యి ఆగింది. అది మేము వస్తాం అని ఉండాలి. మార్చలేకపోయాను. అలాగే ఉంచి సర్వర్‌కి పంపించాను.

లాప్‌టాప్‌లో చూసుకుంటే బాగానే కనబడింది. కానీ అది లోపలివాళ్లు చూసుకోవడం కదా. సంచిలోంచి బయటోడి ఫోను తీశాను. అవ్వ మెడలో బిళ్ళను అరచేతిలోకి తీసుకుని, పగిలిన అద్దంలో ఆ గళ్లు కనబడేలా ఫోను దాని మీదికి పట్టాను. అవ్వ గడ్డం ఎత్తి కదలకుండా కూర్చుంది, అలవాటైన పనిలా. పేజీ తెరుచుకుంది. పైన అడ్రసులో అవ్వ పేరు, ఇంకేమీ లేదు.

తలుపు తెరుచుకుంటే అయిపోలేదు, మనిషి పలకాలి. పక్కకు లేచి నిలబడి, వదిన నంబరు నొక్కుదామనుకున్నాను. వేలు పోయి అన్నిటికంటే పైనున్న నంబరు మీద పడింది.

దేవుడి గూట్లో ఫోను మోగింది.

వదిన కాఫీ గ్లాసులతో వంటింటి గడప మీద ఆగిపోయింది. ఆపెయ్యాలని నాకు తోచలేదు. ఆయన ఫోను మోత ఆఫీసులో ఎన్నిసార్లు విన్నానో, ఇక్కడ ఈ ఇంట్లో వింటుంటే తట్టుకోలేకపోయాను.

అవ్వ తలెత్తింది. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“ఫోను మోగతా ఉంటే అట్ల నిలబడుండారేమి?” అంది, కోపంగానే. “ఎవురో దారి తప్పినట్టుండారు. ఎత్తండి.”

మేము కదలకపోయేసరికి తనే గోడ పట్టుకుని లేవబోయింది. వదిన గ్లాసులు కింద పెట్టేసి పరుగున వచ్చి ఆమెను కూర్చోబెట్టింది. గూట్లోంచి ఫోను తెచ్చింది. తను మాట్లాడలేక, మీట జరిపి అవ్వ చెవి దగ్గర పెట్టింది.

“యాడుండావు నాయనా?” అంది అవ్వ.

ఆ మాట గదిలో ఒకసారి, నా చేతిలోని ఫోన్లో కొంచెం ఆలస్యంగా ఇంకోసారి వినబడింది. నేను ఆమెకు బారెడు దూరంలో నిలబడి ఉన్నాను.

“భయపడొద్దు. ఆడనే కూర్చో,” అంది. “వస్తా ఉండా.”

నేను ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, ఉన్నచోటే కూర్చున్నాను.